మెరుపు సంగతి తర్వాత, ముందు కింద ఏముందో చెప్పు: ఒక నీలం ఇంప్రెజా క్లియర్ కోట్ కేసు

నవంబర్, డిసెంబర్ వానలు వచ్చాయంటే చెన్నైలో నా టేబుల్ మీదకి కనీసం ఒక్క మసకబారిన కారు బాడీ అయినా వస్తుంది. పన్నెండేళ్ళుగా మోడల్ కార్లకి పెయింటింగ్ ఆర్డర్లు తీసుకుంటున్నాను, అందులో సగం పైన వేరేవాళ్ళు కొట్టి పాడైనవి బాగుచేసే పనే. వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒకటే ప్రశ్న, అన్నా ఏ క్లియర్ కోట్ (రంగు మీద ఆఖర్న కొట్టే పారదర్శక పూత) బాగా మెరుస్తుంది అని. మంచి కంపెనీ గ్లాసీ క్లియర్ ఏదైనా సరిగ్గా కొడితే అద్దంలా మెరుస్తుంది, దాన్ని దేని మీద కొడుతున్నాం, ఏ గాలిలో ఆరబెడుతున్నాం అన్నదే అసలు లెక్క. ఈ కేసులో ఆ రెండూ ఒకేసారి తప్పాయి, నా వైపు నుంచి కూడా రెండు తప్పులు జరిగాయి, అందుకే పూర్తిగా రాస్తున్నా. ఈ కారు తెచ్చిన అబ్బాయిని అడిగే రాస్తున్నాను, ఊరూ పేరూ పనీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చిన కారు

టామియా కంపెనీ కిట్, 1/24 (అసలు కారులో ఇరవై నాలుగో వంతు) సుబారు ఇంప్రెజా ర్యాలీ కారు. నీలం మీద పసుపు డెకాల్స్ (నీళ్ళలో ముంచి అతికించే పల్చటి బొమ్మలు) ఉండేది, ర్యాలీలు చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, 1995లో కాలిన్ మెక్‌రే, 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పీటర్ సోల్బర్గ్ వరల్డ్ ఛాంపియన్లు అయింది ఇంప్రెజాలతోనే. కిట్ ఆ అబ్బాయి మేనమామది, కొనుక్కుని కట్టకుండానే ఏళ్ళ తరబడి అటక మీద పెట్టేశాడట, ఇల్లు మారేటప్పుడు నువ్వైనా కట్టరా అని ఇతని చేతికిచ్చాడు. అంటే డెకాల్ షీట్ పాతది, మళ్ళీ దొరకదు. టాప్ మీద వేయాల్సిన డెకాల్ నీళ్ళలో వేయగానే ముక్కలైపోయిందట, మిగతావి మాత్రం పాపం చాలా ఓపిగ్గా అతికించాడు. (పాత షీట్ అయితే నీళ్ళలో ముంచకముందే షీట్ మీదే పల్చగా ఒక క్లియర్ కొట్టి ఆరబెట్టుకోవాలి, అప్పుడు ఫిల్మ్‌కి బలం వస్తుంది, ఇది అతనికి ఎవరూ చెప్పలేదు.)

రంగు టామియా టీఎస్-50 మైకా బ్లూ (మెరిసే సన్నటి రేకులు కలిసిన నీలం), స్ప్రే డబ్బా. దాని మీద టీఎస్-13 క్లియర్, అదీ డబ్బానే. రెండూ లాకర్లే (ఘాటైన థిన్నర్‌తో త్వరగా ఆరే పెయింట్లు) కాబట్టి ఎంపికలో తప్పు లేదు, ఈ మాట మొదట్లోనే అతనికి చెప్పాను, ఎందుకంటే డబ్బా మంచిది కాదు అనుకుంటూ వచ్చాడు.

బాడీని ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది. టాప్, డిక్కీ మీద ఆవిరి పట్టిన అద్దంలా తెల్లటి మసక. తలుపుల మీద కమలాపండు తొక్కలా గుంటలు గుంటలుగా. బానెట్ మీద పసుపు నక్షత్రం ఒక అంచు ఎండుమిరపకాయ తోలులా ముడుచుకుపోయి ఉంది, ఓ ఆరు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఎడమ ఫెండర్ ఒక్కటి మాత్రం చక్కగా నిగనిగలాడుతోంది. నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఫెండరే, ఒకే డబ్బా, ఒకే చెయ్యి, ఒక చోట బాగా వచ్చిందంటే డబ్బాలో లోపం లేనట్టే కదా.

ఎప్పుడు కొట్టావు అంటే రాత్రంతా వాన పడి తెల్లారాక కొంచెం తెరిపి ఇచ్చింది అన్నా, ఆఫీసుకి వెళ్ళేలోపు అయిపోతుందని ఆరున్నరకి డాబా మీదకి వెళ్ళి కొట్టేశా అన్నాడు. డెకాల్స్ ఎప్పుడు వేశావు అంటే ముందు రోజు రాత్రి పదకొండుకి, మార్క్ సాఫ్టర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రావణం) కూడా వాడాడు. ఎన్ని కోట్లు అంటే రెండు, గట్టిగా తడిగా, ఐదు నిమిషాల తేడాతో, తడిగా కొడితేనే మెరుపు వస్తుందని వీడియోలో చూశాడట. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు, కాకపోతే అది ఆఖరి కోట్ల గురించి చెప్పే మాట.

మసక ఎందుకొచ్చింది

ఇది అర్థమైతే మిగతా కేసంతా అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. లాకర్‌లో ఉండే థిన్నర్ చాలా త్వరగా ఆవిరైపోతుంది, ఆవిరయ్యేటప్పుడు కింద ఉన్న ఉపరితలం నుంచి వేడి లాక్కుంటుంది, చేతి మీద శానిటైజర్ రాసుకుంటే చల్లగా అనిపిస్తుంది చూడండి, అదే. ఆ చల్లబడటం గాలిలో తేమ నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత కంటే కిందికి వెళ్ళిందంటే సన్నటి నీటి తుంపర తడి క్లియర్ మీద కూర్చుంటుంది, క్లియర్ దాన్ని లోపల పెట్టుకుని ఆరిపోతుంది. దీన్నే బ్లష్ అంటాం.

ఇప్పుడు లెక్క చూడండి. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఆ నీరుపట్టే ఉష్ణోగ్రత దాదాపు 28. అంటే బాడీ నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, పని అయిపోయినట్టే. అదే ఏసీ గదిలో 26 డిగ్రీలు, 50 శాతం తేమ అయితే అది 15 దగ్గర ఉంటుంది, పదకొండు డిగ్రీలు చల్లబడాలి, అంత చల్లబడటం కష్టం. వాన పడి తెరిపి ఇచ్చిన తెల్లవారుజామున మన ఊళ్ళో తేమ 90 దాటి ఉంటుంది, అప్పుడు రెండు డిగ్రీల వెసులుబాటు కూడా ఉండదు. అతను ఎండ లేదు, గాలి లేదు, దుమ్ము లేదు అని మంచి టైమ్ అనుకుని ఎంచుకున్నది రోజు మొత్తంలో అన్నిటికంటే చెడ్డ గంట. ఫెండర్ ఎందుకు బతికింది అంటే అక్కడ డబ్బా పక్కనుంచి తగిలి పల్చగా పడింది, పల్చటి పొర అంతగా చల్లబడదు.

ముడతకి కారణం వేరే. రాత్రి పదకొండుకి వేసిన డెకాల్ కింద పొద్దున ఆరున్నరకి ఇంకా తడి ఉంటుంది, వానాకాలంలో అయితే మరీను. పైనుంచి ఘాటైన లాకర్ తడిగా పడితే డెకాల్ ఫిల్మ్ మెత్తబడుతుంది, కింద పట్టు ఉండదు, ముడుచుకుంటుంది.

మొదటి నిర్ణయం: మొత్తం గీకేయాలా, కాపాడాలా

గీకేస్తే పని తేలిక. రంగంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి కొడితే రెండు వారాల్లో అయిపోతుంది. కానీ డెకాల్స్ పోతాయి, అవి పోతే మామయ్య కిట్ అనేదే ఉండదు. అందుకని కాపాడదాం, ముప్పావు వంతు బాగుపడినా చాలు అనుకుని ఇద్దరం ఒప్పుకున్నాం. ఈ నిర్ణయం వల్లే తర్వాత ప్రతి అడుగులో క్లియర్ ఎంపిక కష్టమైంది.

బ్లష్ తీయడానికి అందరూ చేసేదే ముందు చేశాను. ఏసీ గదిలో మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే ఎయిర్‌బ్రష్‌లో (కంప్రెసర్ గాలితో రంగు చల్లే చిన్న గన్) పోసి 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర దూరం నుంచి పొగమంచులా చల్లాను. ఆ థిన్నర్‌లో రిటార్డర్ ఉంటుంది, నిదానంగా ఆరుతుంది, పైపొర మళ్ళీ మెత్తబడి లోపలున్న తేమకి బయటికి పోవడానికి టైమ్ దొరుకుతుంది. డిక్కీ మీద మసక మన కళ్ళ ముందే కరిగిపోయింది, అబ్బాయి మొహం వెలిగిపోయింది. టాప్ మీద మాత్రం సగమే పోయింది. మొదటి కోట్‌లోనే బ్లష్ అయి దాని మీద రెండో కోట్ మూతలా పడింది, మసక ఆ రెండు పొరల మధ్యలో ఉంది.

అక్కడ నేను తప్పు చేశాను. పైపొర పల్చన చేస్తే లోపలి మసక దొరుకుతుంది కదా అని 2000 నంబర్ ఎమెరీ పేపర్‌తో నీళ్ళు పెట్టి టాప్‌ని రుద్దాను. క్లియర్‌ని రుద్దుతుంటే నీళ్ళు పాలలా తెల్లగా వస్తాయి, అంతవరకు భయం లేదు. ఓ పది నిమిషాలయ్యాక కుడి అంచు దగ్గర టిష్యూతో తుడిస్తే టిష్యూ మీద లేత నీలం గీత. ఆ నీలం కనపడిందంటే రంగు దాకా వెళ్ళిపోయినట్టే. మామూలు సాలిడ్ రంగైతే పాలిష్ చేసి సర్దుకోవచ్చు, ఇది మైకా, లోపలి రేకులు ఎటు పడితే అటు గీసుకుపోయి అక్కడ ఒక చార తేలింది. అంచుల మీద పెయింట్ ఎప్పుడూ పల్చగానే పడుతుంది, అక్కడ పేపర్ పెట్టకూడదు, నాకు తెలిసిన విషయమే, అయినా తొందరపడ్డాను. అతనికి అప్పటికప్పుడే చూపించి చెప్పాను.

టాప్ మీద డెకాల్ లేకపోవడం ఒక్కటే అదృష్టం. టాప్ వరకు మళ్ళీ రంగు వేయాలని తేల్చుకున్నాం, గీత ఎక్కడ ఆపాలంటే టాప్ అంచున తలుపుల పైన ఉండే గాడి దగ్గర, అక్కడైతే అతుకు కంటికి ఆనదు. డబ్బాతో నేరుగా కొట్టకుండా స్ట్రా పెట్టి చిన్న సీసాలోకి వదిలి, మూత బిగించకుండా ఒక రాత్రంతా గ్యాస్ పోనిచ్చి, పొద్దున ఎయిర్‌బ్రష్‌తో పల్చగా మూడు సార్లు కొట్టాను. బానెట్ నక్షత్రంలో ముడత పడిన ముక్క వరకు కొత్త బ్లేడుతో కోసేసి, ఆ ఆకారానికి టేపు కట్ చేసి మాస్క్ వేసి, ముందు తెలుపు, దాని మీద పసుపు. తెలుపు లేకుండా నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చగా తిరిగి పోతుంది.

స్పూన్లు

ఇక క్లియర్. ఇప్పుడు బాడీ మీద ఏమున్నాయో లెక్కపెట్టుకోండి: పాత టీఎస్-13, పాత డెకాల్స్, కొత్త మైకా, కొత్త పసుపు. వీటన్నిటి మీద ఒకే క్లియర్ పడాలి, ఏదీ కదలకూడదు. ఊహతో చేసే పని కాదు. పేపర్ ప్లేట్లు అమ్మే షాపులో ప్లాస్టిక్ స్పూన్లు తెచ్చి నాలుగింటికి అదే నీలం కొట్టి, ముక్కలైపోయిన టాప్ డెకాల్ తునకలు తలా ఒకటి అతికించి, రెండు రోజులు ఆగి ఒక్కోదానికి ఒక్కో క్లియర్ వేశాను. ఆ తునకల్ని అబ్బాయి పారేయకుండా కవర్లో దాచి ఉంచాడు, అందుకు చాలా సంతోషించాను, అదే షీట్ ముక్క మీద పరీక్ష చేస్తే వచ్చే నమ్మకం వేరు.

మొదటిది టామియా ఎక్స్-22 అక్రిలిక్ క్లియర్, లాకర్ థిన్నర్‌తో కలిపి. డెకాల్‌కి ఏమీ కాలేదు, మెరుపు కూడా బాగానే ఉంది. కానీ నాలుగో రోజు బొటనవేలు గట్టిగా నొక్కితే వేలిముద్ర పడింది, పాలిష్ పెడితే మెత్తగా సాగుతున్నట్టు ఉంది. రుద్ది పాలిష్ చేయాల్సిన కారుకి ఇది సరిపోదు, రుద్దకుండా వదిలేసే వాటికి నేను ఇప్పటికీ వాడతాను.

రెండోది అదే టీఎస్-13, ఈసారి ఏసీ గదిలో. మసక లేదు. పల్చగా రెండు సార్లు చల్లి తర్వాత తడిగా కొట్టిన సగంలో డెకాల్ చెక్కుచెదరలేదు, మొదటి నుంచే తడిగా కొట్టిన సగంలో అంచు లేచింది. అబ్బాయి ఆ స్పూన్‌ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. డబ్బాది తప్పు కాదన్నమాట అన్నాడు. కాదు అన్నాను.

మూడోది మిస్టర్ కలర్ జీఎక్స్100, సూపర్ క్లియర్ త్రీ అని రాసి ఉంటుంది, 18 మి.లీ. చిన్న సీసా. ఇదీ లాకరే, కాకపోతే ఎయిర్‌బ్రష్‌తో కొడతాం కాబట్టి థిన్నర్ మన చేతిలో ఉంటుంది, ఎంత పల్చగా, ఎంత నిదానంగా ఆరాలో మనం నిర్ణయించుకోవచ్చు. ఆరాక గట్టిగా ఉంది, పాలిష్‌కి బాగా లొంగింది.

నాలుగోది కార్ల డెంటింగ్ పెయింటింగ్ వాళ్ళు వాడే 2కే యురేథేన్, హార్డ్‌నర్ కలిపి కొట్టేది. మెరుపులో దీన్ని మించింది లేదు, పాలిష్ కూడా అక్కర్లేదు, తేనె పోసినట్టు ఉంది స్పూన్. అబ్బాయి ఇదే కావాలన్నాడు. నేను ఒప్పుకోలేదు, రెండు కారణాలు.

ఒకటి మందం. 1/24 స్కేల్‌లో 0.1 మిల్లీమీటర్ పొర అంటే అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్లు అన్నట్టు. అసలు కారు క్లియర్ మైక్రాన్లలో ఉంటుంది. ఇప్పటికే ఒక మందపాటి క్లియర్ ఉన్న బాడీ మీద 2కే పడితే తలుపు గీతలు, బానెట్ గీతలు పూడిపోయి బెల్లం పాకంలో ముంచి తీసిన బొమ్మలా అవుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం, ఇది చదివే కుర్రాళ్ళు దయచేసి వినండి. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ అదే రసాయనం కాదు, అంత త్వరగా గాలిలో కలిసేదీ కాదు, కానీ ఆ కుటుంబంలోదే. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా అయ్యిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వచ్చేస్తుంది. పైగా వాసనతో కనిపెట్టలేం, ప్రమాదకరమైన మోతాదు దాటాక కూడా ముక్కుకి తెలియకపోవచ్చు, కాబట్టి మామూలు కార్ట్రిడ్జ్ మాస్క్ పనిచేయడం ఆగిపోయిందో లేదో కూడా మనకి తెలియదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్క్ ఉండాలి. ఆ స్పూన్ కూడా నేను కొట్టలేదు, అలాంటి ఏర్పాటు ఉన్న పెయింటర్ దగ్గర కొట్టించి తెచ్చాను. పక్క గదిలో అమ్మ, చెల్లెలు పడుకునే అపార్ట్‌మెంట్‌లో అది కొట్టకూడదు, దాని మెరుపు ఎంతైనా ఉండనీ.

కాబట్టి జీఎక్స్100.

కొట్టిన రోజు

ఏసీని డ్రై మోడ్‌లో రెండు గంటలు ముందే వేశాను, గోడ మీద తేమ మీటర్ 50 చూపించింది, గది 27. స్ప్రే బూత్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేస్తే గదిలోంచి గాలి బయటికి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి తలుపు కింద సందులోంచి బయటి తడి గాలి వస్తుంది, మీటర్ 58కి ఎక్కింది. కొందరు అందుకని ఎగ్జాస్ట్ ఆపేసి కొడతారు, అలా చేయొద్దు, లాకర్ ఆవిరి మూసిన గదిలో నిలిస్తే నిప్పురవ్వకే భయపడాలి. 27 డిగ్రీలు, 58 శాతం అంటే ఇంకా ఎనిమిది తొమ్మిది డిగ్రీల వెసులుబాటు ఉంది, రిటార్డర్ ఉన్న థిన్నర్‌కి అది సరిపోతుంది. మాస్క్ పెట్టుకుని, ఎగ్జాస్ట్ ఆన్‌లోనే ఉంచి కొట్టాను.

ఇక్కడ నా రెండో తప్పు. మొదటి చల్లుడులోనే గన్‌లోంచి చిటుక్కున ఒక నీటి చుక్క వచ్చి కుడి తలుపు మీద పడింది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు వారం నుంచి వదల్లేదు, గాలిలో తేమంతా ట్యాంకులో చేరి, గొట్టంలో నీళ్ళు పట్టే ట్రాప్ నిండిపోయింది. గది తేమ గురించి ఇంత ఆలోచించిన నేను గొట్టంలో తేమ మర్చిపోయాను. వెంటనే ఆపి, చుక్కని ముట్టుకోకుండా ఆరనిచ్చి, ట్యాంకు అడుగున బిరడా తిప్పితే ఓ టీ కప్పుడు తుప్పునీళ్ళు వచ్చాయి. మరుసటి రోజు ఆ ఒక్క చోట 3000తో మెల్లగా సమం చేసి మళ్ళీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి వానాకాలంలో రోజూ కొట్టే ముందు ట్యాంకు ఖాళీ చేస్తున్నాను.

ఒకటికి ఒకటిన్నర వంతు లెవెలింగ్ థిన్నర్ కలిపి, 0.3 నాజిల్, 18 పీఎస్ఐ దగ్గర రెండు సార్లు పల్చగా, అంటే బాడీ తడిసినట్టు కూడా కనపడకూడదు, దుమ్ము పడ్డట్టు గరుగ్గా ఉండాలి. మధ్యలో ఇరవై నిమిషాలు. ఈ రెండు పొరలు డెకాల్స్‌కి గొడుగు. తర్వాత ఒకటికి రెండు కలిపి తడిగా మూడు కోట్లు, కోటుకీ కోటుకీ అరగంట. మూడో కోట్ పడుతుంటే లైట్ నీడ తలుపు మీద వణుకుతూ వణుకుతూ ఒక్కసారి నిలబడింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ క్షణం కోసమే ఈ పని చేస్తాను. అక్కడ చెయ్యి ఆపేయాలి, ఇంకొక్కటి అనుకుంటే కారిపోతుంది.

ఒక గంట అదే గదిలో ఉంచి, తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పది రోజులు. అబ్బాయి మూడో రోజు నుంచే ఫోన్లు. గట్టిపడిందా అన్నా అంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, థిన్నర్ వాసన వస్తున్నంతకాలం లోపల ఆరలేదు, ఇప్పుడు రుద్దితే ఇవాళ బాగుంటుంది, వారానికి మళ్ళీ కుంగి గీతలు తేలతాయి అని చెప్పాను. పదకొండో రోజు వాసన లేదు. అంచులన్నిటికీ సన్నటి టేపు వేసి, మైక్రోమెష్ (చాలా సన్నటి గరుకుండే రుద్దుడు గుడ్డ) 4000, 6000, 8000, తర్వాత టామియా కాంపౌండ్ నీలం మూత, ఆఖరికి తెల్ల మూత. ఎర్ర మూత కోర్స్ జోలికి వెళ్ళలేదు, ఇంత కథ నడిచిన బాడీ మీద అంత గరుకు వాడే ధైర్యం లేదు.

ఫలితం

టాప్ మీద ట్యూబ్‌లైట్ గీత వంకర లేకుండా కనపడింది. డెకాల్స్ అన్నీ నిలిచాయి. బానెట్ నక్షత్రంలో నేను పెయింట్ చేసిన ముక్క పగటి వెలుతురులో ఒక పిసరు ముదురుగా ఉంటుంది, వెతికితే తెలుస్తుంది. కుడి తలుపు మీద చుక్క పడిన చోట పక్కనుంచి చూస్తే చిన్న అల ఉంది, అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, ఆ పనికి డబ్బులు తగ్గించి ఇచ్చాను. తలుపు గీతలు మామూలు కంటే కొంచెం నిండినట్టున్నాయి, మొత్తం ఐదు కోట్లు పాత క్లియర్ మీద పడ్డాయి కాబట్టి తప్పదు, ఎనామెల్ వాష్ (గీతల్లోకి పారించే పల్చటి రంగు) వేస్తే గీతలు తేలతాయి, ఆరిన లాకర్‌ని ఎనామెల్ థిన్నర్ ఏమీ చేయదు. దాన్నే తిరగేసి ఎనామెల్ మీద లాకర్ కొడితే మాత్రం పగుళ్ళే.

మొన్న ఫోన్ చేశాడు. మామయ్య చూశాడట, ఏమీ అనకుండా చాలాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడట. ఇప్పుడు తెల్ల కారొకటి మొదలుపెట్టాడు, ఇంట్లో పాత ఎనామెల్ క్లియర్ డబ్బా ఉంది వాడనా అన్నా అని అడిగాడు. తెలుపు మీద అది కొన్నాళ్ళకి పసుపు తిరుగుతుంది, వద్దు అన్నాను. మరి ఏది అంటే, బేస్ ఏం కొట్టావు, డెకాల్స్ కొత్తవా పాతవా, ఎక్కడ ఆరబెడతావు అని అడగబోయాను, నేను అడిగేలోపే మూడింటికీ జవాబు తనే చెప్పేసి, రెండు స్పూన్లు కూడా కొట్టి పెట్టాను అన్నా, ఆదివారం తెస్తాను అన్నాడు.